కిలోమీటరుకు ఎంత పడుతోంది? బండి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెట్రోలు ధర మీదే. లెక్కలన్నీ లీటరు ₹110 చొప్పున వేశాం. మీ ఊరి ధర వేరైతే ఆ అంకె మార్చుకుని మళ్లీ వేసుకోండి.

ప్రశ్న: నాది 2014 నాటి 100 సీసీ బండి, కార్బ్యురేటరుది. లీటరుకు 60 ఇచ్చేది, ఇప్పుడు 50 దాటడం లేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమని మెకానిక్ తేల్చేశాడు. ఇథనాల్ లేని పెట్రోలు వెతుక్కోవాలా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు పోగొట్టుకున్న పది కిలోమీటర్లలో ఇథనాల్ ఖాతాలో పడేవి రెండు, మహా అయితే నాలుగు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నట్టు 20 శాతం కలిపితే అచ్చమైన పెట్రోలు కన్నా దాదాపు 7 శాతం శక్తి తగ్గుతుంది, అంటే 60 ఇచ్చే బండి 56 ఇస్తుంది. అంతకుముందు, 2022 నుంచి బంకుల్లో పోసిన 10 శాతం మిశ్రమంతో పోలిస్తే తగ్గేది 3.5 శాతమే, అంటే 58. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా పాత ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం, పాత కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. మిగతా ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు బండిలోనే ఎక్కడో పోతున్నాయి.

ముందు మైలేజీ సరిగ్గా కొలవండి. ₹200కు కొట్టించి, రిజర్వు పడేదాకా నడిపి చెప్పే లెక్క నమ్మలేం. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ట్యాంకు మూతి లోపల ఒక గుర్తు దాకా పోయించి, రీడింగు రాసుకోండి. 250 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే గుర్తు దాకా మళ్లీ పోయించండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చూస్తే గానీ అంకె నిలకడగా రాదు.

తర్వాత డబ్బు ఖర్చుకాని పనులు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. ఎండలో పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఎంత ఉండాలో చైన్ కవరు మీదో వెనక ఫోర్క్ మీదో ఉన్న స్టిక్కరు చెబుతుంది. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకు అంకె వేరు. బ్రేకు షూ రాసుకుంటోందేమో చూడాలంటే బ్రేకు వాడకుండా ఐదు కిలోమీటర్లు నడిపి ఆపి, డ్రమ్ము మీద చెయ్యి పెట్టండి. కాలుతుంటే షూ పట్టేస్తున్నట్టే. చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20–30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి, చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు.

ఇక పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటరు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక దాన్ని మండించడానికి బయటి గాలి తక్కువ చాలు. ఇంజెక్షన్ బళ్లలో ఆక్సిజన్ సెన్సరు గమనించి సర్దుకుంటుంది. కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. పాత లెక్క ప్రకారమే గాలి లాగేసరికి మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది. గుర్తులివి: పొద్దున స్టార్టు కాకపోవడం, థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సరులో టప్ టప్, ఊడదీసి చూస్తే ప్లగ్ మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండటం. మొన లేత ఇటుక రంగులో ఉంటే కార్బ్యురేటరు మీద మిశ్రమం సరిచేసే స్క్రూ జోలికి పోకండి. తెల్లగా ఉంటే ఇంజను వేడెక్కాక పావు చుట్టు మాత్రమే తిప్పించండి. స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే లోపలికి, ఇంజను వైపు ఉంటే బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఈ తేడా చూడకుండా ‘అర చుట్టు బిగించేయ్’ అనే మెకానిక్ దగ్గరే మైలేజీ పోతుంది. పెట్రోలు వచ్చే రంధ్రం ఉన్న మెయిన్ జెట్ మార్చడం ఆఖరి మాట.

పదకొండేళ్లు దాటిన బండి కనుక రబ్బరు సామాను ఒకసారి మార్చేయండి: పెట్రోలు పైపు, బౌల్ (కార్బ్యురేటరు అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) గ్యాస్కెట్, ట్యాంకు కుళాయిలో ఓ–రింగు, బౌల్ నిండగానే పెట్రోలు ఆపే నీడిల్. ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నీడిల్ కొన సరిగ్గా కూర్చోకపోతే ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కచుక్కా కారుతూనే ఉంటుంది. రాత్రి బండి కింద అట్టముక్క వేసి పెట్టి పొద్దున చూస్తే తెలిసిపోతుంది. ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన జిగురును కూడా ఇథనాల్ కరిగించి కిందికి తెస్తుంది కాబట్టి బౌల్ ఓసారి విప్పి కడిగించండి.

ఇథనాల్ లేని పెట్రోలు కోసం ప్రీమియం 100 ఆక్టేన్ (ఇంజను ఒత్తిడికి ముందే మండిపోకుండా తట్టుకునే గుణం) వెతుక్కునే మాట మరిచిపోండి. ఏడు శాతం మైలేజీ కోసం లీటరుకు ₹40 పైగా ఎక్కువ పెట్టడం ఏ లెక్కలోనూ నిలవదు. తక్కువ కంప్రెషన్ ఉన్న మీ ఇంజనుకు అంత ఆక్టేన్ అక్కర్లేదు కూడా.

ప్రశ్న: పెద్ద వాన తర్వాత బండి దారిలో ఆగిపోయింది. ట్యాంకులోంచి నీళ్లు తీశారు. బంకు వాళ్లదే తప్పా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. ముందు మీ ట్యాంకు మూత చూడండి. మూత చుట్టూ గాడి ఉంటుంది, ఆ గాడిలో పెన్సిలు మొనంత చిన్న రంధ్రం ఉంటుంది. పడిన వాన నీరు అందులోంచి పైపు ద్వారా కిందికి పోవాలి. మట్టితో అది మూసుకుపోతే గాడి గిన్నెలా నిండి, మూత తెరిచిన క్షణంలో నీళ్లన్నీ ట్యాంకులోకే. సైకిలు బ్రేకు తీగ ఒకటి దూర్చి, పైనుంచి అరగ్లాసు నీళ్లు పోస్తే కింద కారాలి.

ట్యాంకు అడుగున తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడితే నీరు చేరినట్టే. ఇక్కడొక చిక్కుంది. నీరు ఒక మోతాదు దాటగానే ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో కలిసి కిందికి దిగిపోతుంది. అందుకే అర గ్లాసు నీరు చేరినా అడుగున అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తుంది. ‘ఇంత నీళ్లు బంకులోనే పోశారు’ అని తగాదా మొదలయ్యేది ఇక్కడే. పైన తేటగా కనిపిస్తోంది కదా అని ఆ పెట్రోలు తిరిగి పోసుకోకండి, ఇథనాల్ పోవడంతో దాని ఆక్టేన్ పడిపోయి ఉంటుంది. మొత్తం దింపి, ట్యాంకు ఆరబెట్టి, బౌల్ డ్రెయిన్ స్క్రూ విప్పి అది కూడా ఖాళీ చేయాలి.

బంకు మీద అనుమానం ఉంటే అడిగి తీసుకోవలసినవి మూడు. ఒకటి ఫిల్టరు పేపరు పరీక్ష, పేపరు మీద వేసిన పెట్రోలు చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. రెండోది డెన్సిటీ (సాంద్రత), బోర్డు మీద రాసిన అంకెకూ అక్కడే కొలిచి 15 డిగ్రీల వేడికి సవరించిన అంకెకూ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. మూడోది ఐదు లీటర్ల కొలపాత్రతో కొలత, అందులో 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు. కొలత తగ్గితే తూనికలు కొలతల శాఖకు, నాణ్యత తేడా అయితే ఆయిల్ కంపెనీకి ఫిర్యాదు. బిల్లు లేకుండా రెండూ నిలవడం కష్టం.

ప్రశ్న: యానాంలో పెట్రోలు చవక. కాకినాడ నుంచి వెళ్లి కొట్టించుకు రావడం లాభమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పని మీద వెళ్తే లాభం. పెట్రోలు కోసమే వెళ్తే మీరే చూడండి. రానూపోనూ 60 కిలోమీటర్లు, తేడా లీటరుకు ₹12 అనుకుందాం. లీటరుకు 50 ఇచ్చే బండి దారిలో తాగేది 1.2 లీటర్లు, ₹132. పది లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది ₹120. అంటే ₹12 నష్టానికి గంటన్నర ప్రయాణం. 16 ఇచ్చే కారులో 35 లీటర్లు నింపితే ₹420 మిగులు, దారి ఖర్చు ₹412. ఎనిమిది రూపాయలు మిగిలాయి, టీకి కూడా చాలవు.

తేడా ఎందుకంటే యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడ వ్యాట్ తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, పైన లీటరుకు ₹4, రోడ్డు సెస్సు మరో ₹1. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. శాతంలో వేసే పన్ను కనుక అసలు ధర రూపాయి పెరిగితే పన్ను కూడా దానితో పాటే పెరుగుతుంది. పెట్రోలు జీఎస్టీలోకి రాకపోవడం వల్లే రాష్ట్రానికో ధర.

డబ్బాల్లో తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే, చట్టం లైసెన్సు లేకుండా ఒప్పేది 30 లీటర్ల లోపు, అదీ అమ్మకానికి కాదు, లోహపు డబ్బాలో. నీళ్ల సీసాలు, నూనె క్యాన్లు ఆ లెక్కలోకి రావు. స్కూటరు కాళ్ల దగ్గర ప్లాస్టిక్ క్యాన్ పెట్టుకుని ఎండలో వచ్చేవాళ్లను ఆ రోడ్డు మీద చూస్తే భయమేస్తుంది.

ప్రశ్న: ఇథనాల్ కలిపితే దిగుమతి తగ్గుతుందంటారు. మరి ధర ఎందుకు తగ్గదు? తినే బియ్యంతో ఇంధనం చేయడం న్యాయమా?
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: మీ జిల్లా నుంచి ఈ ప్రశ్న రావడం సహజమే. 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు.

ధర సంగతి ముందు. 2024–25 సరఫరా సంవత్సరంలో మొక్కజొన్న ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు ఇచ్చిన ధర లీటరుకు ₹71.86. శక్తి మూడో వంతు తక్కువ కనుక, లీటరు పెట్రోలు చేసే పని చేయడానికి లీటరున్నర ఇథనాల్ కావాలి. అంటే పన్నులు పడకముందే ₹108. ఇది కలిపితే బంకులో ధర తగ్గుతుందని ఆశ పెట్టుకోవడం దండగ. లాభం ఉన్నది దేశం డాలర్ల ఖాతాలో, డిస్టిలరీ ఖాతాలో, కొంత మొక్కజొన్న రైతు ఖాతాలో. బండివాడి జేబులో కాదు. మైలేజీ తగ్గిన మేరకు లీటరు ధర కూడా తగ్గించాలని అడగడం న్యాయమైన కోరికే అని మా అభిప్రాయం.

బియ్యం విషయానికొస్తే, టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్నకు 380, టన్ను చెరకుకైతే 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే బియ్యం 16–17 క్వింటాళ్లు, దాని నుంచి 750 లీటర్ల ఇథనాల్, పెట్రోలు లెక్కలో 500 లీటర్లు. రోజూ కారులో తిరిగే ఒక ఇంటికి ఏడాది కూడా సరిపోదు. ముక్కిపోయిన ధాన్యం, నూకలు వాడితే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. బోర్లు వేసి పండించిన మంచి బియ్యాన్ని ట్యాంకులో పోయడాన్ని మాత్రం మేం సమర్థించలేం. ఫ్యాక్టరీ వచ్చే ఊరి వాళ్లు అడగాల్సింది కూడా రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు, ఎక్కడి నుంచి, గింజల మడ్డి కలిసిన మురుగు ఎక్కడికి పోతుంది అనే.

ప్రశ్న: స్కూలు ఉద్యోగం, రోజుకు 40 కిలోమీటర్లు. కరెంటు స్కూటరు కొనమంటారా?
– ఒక టీచరు, ఖమ్మం

జవాబు: మీకైతే కొనమనే అంటాం. 3 యూనిట్ల బ్యాటరీ మామూలు వాడకంలో 90 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఛార్జింగులో వేడిగా పోయేది కలిపితే మీటరు తిరిగేది 3.4 యూనిట్లు. యూనిట్ ₹9 వేసినా కిలోమీటరుకు 34 పైసలు. 45 ఇచ్చే పెట్రోలు స్కూటరుకు ₹2.44. నెలకు వెయ్యి కిలోమీటర్లకు మిగిలేది ₹2,100. బండి ధరలో తేడా ₹30,000 అయితే ఏడాదిన్నర లోపే తీరిపోతుంది. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇదే తేడా తీరడానికి ఆరేళ్లు పడుతుంది. వాళ్లను కొనమనం.

యూనిట్‌కు ₹9 ఎందుకు వేశామంటే, నెలకు అదనంగా పడే 38 యూనిట్లు మీ బిల్లులో పై శ్లాబులోనే చేరతాయి. సగటు రేటుతో లెక్క వేస్తే తక్కువ చూపిస్తుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఛార్జి పెట్టకండి. 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నది, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) వేయించండి. ఛార్జి పెట్టిన అరగంటకు ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా తగిలితే సాకెట్ లోపల పట్టు వదులైందని అర్థం. ఖమ్మం ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని అరగంట నీడలో చల్లారనిచ్చాకే ఛార్జి పెట్టండి. కొనేముందు వారంటీ కాగితంలో ‘కెపాసిటీ ఎంత శాతానికి పడిపోతే మార్చిస్తారు’ అన్న వాక్యం ఉందో లేదో వెతకండి. ఏళ్ల సంఖ్య మాత్రమే రాసి ఆ శాతం రాయకపోతే అది వారంటీ కాదు, ప్రకటన.

ప్రశ్న: పాత వ్యానులో వంటగ్యాస్ సిలిండరు పెట్టి నడిపిస్తున్నారు. మేమూ పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. చట్టవిరుద్ధం అన్నది ఒక కారణమే. బండ్లకు బిగించే గ్యాస్ ట్యాంకులో 80 శాతం నిండగానే ఆగిపోయే వాల్వు, పైపు తెగితే మూసుకునే వాల్వు ఉంటాయి, ట్యాంకు చట్రానికి బిగించి ఉంటుంది. వంటింటి సిలిండరులో ఇవేవీ లేవు, పైగా అది నిలబెట్టి ఆవిరి తీయడానికి చేసింది. వ్యానులో పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. లీకైన గ్యాస్ గాలికన్నా బరువు, సీట్ల కింద చేరి కూర్చుంటుంది.

మీ దగ్గర సీఎన్‌జీ బంకు ఉంటే ఆ లెక్క వేయండి. కిలో ₹95, కిలోకు 25 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు ₹3.80. పెట్రోలు మీద 18 ఇచ్చే కారుకు ₹6.11. కిట్‌కు ₹60,000 అయితే 26,000 కిలోమీటర్లు తిరిగాక తీరుతుంది. బిగించాక ఆర్‌సీలోనూ బీమాలోనూ రాయించాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము తిరగగొట్టవచ్చు. సిలిండరులో ఒత్తిడి 200 బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు ఉంటుంది కనుక మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో చేసేది) తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ సీఎన్‌జీ కారు కొంటుంటే డిక్కీలో సిలిండరు మీద చెక్కిన పరీక్ష తేదీ చూసి, దాన్ని ఫొటో తీసుకుని మరీ బేరం మొదలుపెట్టండి.