ఒడిశాలోని రాయగడలో ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలా అంటారు) బీకాం రెండో ఏడు. కాలేజీకి కంపెనీలు రావు. ఉద్యోగం వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, మాదీ రాయగడే. 2018లో ప్లస్ త్రీ కామర్స్ పాసయ్యాను. మా కాలేజీకీ ఏ కంపెనీ రాలేదు.

ముందు నీ కాగితాలు తీసి చూడు. నవ్వకు, నాకు ఆర్నెల్లు పోయింది దీనికే. ఇంట్లో నా పేరు వెంకట. బడిలో ఒడియా మాస్టారు తన నోటికి వచ్చినట్టు రాసుకున్నారు, పదో తరగతి సర్టిఫికెట్లో 'భెంకట' అయింది. ఆధార్‌లో మళ్లీ వెంకట. మొదటి ఉద్యోగంలో చేరే రోజున, రెండూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. అఫిడవిట్ రాయించి, కటక్‌లోని పదో తరగతి బోర్డుకి దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి సరిచేయించుకునేసరికి ఆ సీటు వేరేవాళ్లకి వెళ్లిపోయింది. మన ఊళ్లలో సగం మందిది ఇదే కథ. చేతిలో ఏడాదిన్నర ఉంది కాబట్టి ఇప్పుడే చూసుకో.

ఇక పని. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు నేను నీలాగే కాలేజీలో ఉన్నాను. మా వీధి ఎరువుల కొట్టు షావుకారికి ఆ బిల్లులు తలకెక్కలేదు. నేను అప్పుడప్పుడే ట్యాలీ, అంటే కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, నేర్చుకుంటున్నాను, సాయంత్రాలు వెళ్లి లెక్కలు ఎక్కించేవాణ్ణి. ఇచ్చింది తక్కువే. కానీ తర్వాత ఇంటర్వ్యూలో "ఏం చేశావ్?" అంటే చెప్పడానికి మాట దొరికింది. అలాంటి కొట్టు ఒకటి వెతుక్కో.

విశాఖలో ఒక కన్సల్టెన్సీ రిజిస్ట్రేషన్ అని నా దగ్గర మూడు వేలు తీసుకుంది. తర్వాత ఫోనెత్తలేదు. ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బడిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయ్.

నాకు నిజంగా ఉద్యోగం ఇప్పించింది ఒడియా. విశాఖలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మన వైపు డ్రైవర్లతో మాట్లాడే మనిషి కావాలని మా పక్కింటి అన్నయ్య చెప్పాడు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. మనం రెండు వైపులా సగం సగం అని బాధపడతాం గానీ, అక్కడ అదే పనికొచ్చింది. రెజ్యూమెలో మూడు భాషలూ పైనే రాయి. తెలిసినవాళ్ల జాబితా ఒకటి నోటుబుక్కులో పెట్టుకో: విశాఖలో, భువనేశ్వర్‌లో ఉన్న సీనియర్లు, జేకేపూర్ పేపరు మిల్లులో చేసే బంధువులు. నెలకి ఇద్దరికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం ఇప్పించమనకు, అక్కడ ఎవరిని ఎలా తీసుకుంటారో అడుగు.

బ్యాంకు మీద ఆశ ఉంటే, స్టేట్ బ్యాంకు క్లర్కు పరీక్షకి ఒడిశా ఎంచుకో. వయసు 20 నుంచి 28 లోపు. స్థానిక భాష రావాలి, పదిలో ఒడియా చదివినట్టు మార్కుల షీటు చూపిస్తే విడిగా భాషా పరీక్ష ఉండదు. ఆంధ్రా సర్కారు పోస్టులైతే చదువు ఎక్కడన్నదాన్ని బట్టి లోకల్ అంటారు, ఇక్కడ చదివిన మనకి ఆ కోటా రాదు. నేను అది తెలియక ఒక ఏడాది కోచింగ్‌కి పోశాను. డిగ్రీ పట్టా అందగానే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో కూడా పేరు పెట్టు. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్.

ముందు ఆ పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసి చెప్పు. తేడా ఉంటే, నేను బోర్డుకి పెట్టిన దరఖాస్తు ఎలా రాశానో చెబుతాను.