ఇంజన్ చెప్పిందల్లా బట్టీ పట్టాలా?

ప్రశ్న: చెస్ గేమ్ అవ్వగానే స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌లో (ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్) పెట్టి చూస్తున్నానండి, సరైన ఎత్తు చూపిస్తోంది కానీ మళ్ళీ అవే తప్పులు. ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) బట్టీ పట్టినా అవతలివాళ్ళు వేరేది వేస్తే బుర్ర పనిచేయట్లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఇంజన్ ఆఫ్ చేసెయ్యండి. గేమ్ మొత్తం మీరే తిరగేసి, ఏ ఎత్తు ఎందుకు వేశారో ఎక్కడ డౌట్ పడ్డారో రాసుకుని ఆ తర్వాతే ఆన్ చేయండి, అప్పుడే మీ ఆలోచన ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది. ఇంజన్ చూపించే స్కోర్‌లో ప్లస్ 1 అంటే వైట్‌కి సుమారు ఒక బంటంత లాభం, కాబట్టి 0.3 తేడాలు వదిలేసి, ఒక్కసారిగా 2, 3 పడిపోయిన చోట ఆగండి.

ఇక ఓపెనింగ్స్. ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో బ్లాక్ రెండు గుర్రాలూ తెచ్చాక వైట్ గుర్రం జీ5 గడికి దూకుతుంది, బ్లాక్ బంటుని డీ5కి తోస్తే వైట్ బంటుతో కొడతాడు. ఇక్కడ గుర్రంతో తిరిగి కొట్టాలనే అనిపిస్తుంది కదా, కొడితే వైట్ ఎఫ్7 మీద గుర్రాన్ని బలిచ్చి మీ రాజుని నడిబోర్డులోకి లాగేస్తాడు, అందుకే సీ6 గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్ మీద పడమంటారు. ఆ తప్పు ఎత్తు తర్వాతి పొజిషన్ పెట్టి, ఇంజన్ లెవెల్ తగ్గించి వైట్ తరఫున మీరే ఆడి చూడండి, కారణం చేతికి ఎక్కేస్తుంది.

లీచెస్ అనే చెస్ సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఫ్రీనే, మీ రేటింగ్ ఫిల్టర్ పెడితే మీ లెవెల్ వాళ్ళు నిజంగా ఏం వేస్తున్నారో కనిపిస్తుంది, ముందు వాటికే జవాబులు ప్రాక్టీస్ చేయండి.