చాట్‌బాట్‌కు పని చెప్పేటప్పుడు

తిరుపతి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ చాట్‌బాట్ మాత్రం అడగకపోయినా పెట్టేస్తుంది, చిక్కంతా అక్కడే. ‘మామిడి గుజ్జు లోడు ఆలస్యం గురించి లెటర్ రాయి’ అని ఊరుకుంటే, ఎవరికి, ఎందుకు, ఎప్పటికి అన్నవన్నీ అదే ఊహించి నింపుతుంది. నీ మనసులో ఉన్నది దానికి చేరదు, తెరమీద రాసిందే చేరుతుంది.

ఇలా రాసి చూడు: ‘మాది చిత్తూరులో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ. చదివేది చెన్నై జ్యూస్ కంపెనీ పర్చేజ్ మేనేజరు. 18న పోవాల్సిన లోడు, వానకు కాయ రాక 25న పోతుంది. 120 మాటలు. కొత్త తేదీ మొదటి వాక్యంలోనే రావాలి. క్షమాపణ ఒక్కసారే. ధర ఊసెత్తొద్దు.’ ‘బాగా రాయి’ అంటే దానికి కొలత లేదు, 120 అంటే ఉంది. అయినా పదో పాతికో అటూ ఇటూ అవుతుంది. అది చూసేది మాటల్ని కాదు, టోకెన్లనే ముక్కల్ని. మన తెలుగు మాటలు ఇంగ్లీషుకన్నా ఎక్కువ ముక్కలవుతాయి కూడా.

లోపల జరిగేది, ఇంతవరకు ఉన్నదాని తర్వాత ఏ ముక్క రావచ్చో లెక్కగట్టడం. ముడి మోడల్‌ను, అంటే చెప్పింది చెయ్యడం ఇంకా నేర్పని చాట్‌బాట్ ప్రోగ్రామును, ‘తిరుపతికీ చిత్తూరుకీ ఎంత దూరం?’ అని అడిగితే, ప్రశ్నపత్రమనుకొని ఇంకో నాలుగు ప్రశ్నలు రాసినా రాస్తుంది. చెప్పింది చెయ్యడం తర్వాత నేర్పిన విద్య. 2022లో ఓపెన్‌ఏఐ (చాట్‌జీపీటీ కంపెనీ) వాళ్లు, మనుషులు రాసిన జవాబులతోనూ మంచీచెడ్డా వరుసపెట్టిన జవాబులతోనూ ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ అనే మోడల్‌కు ఇది నేర్పారు. 130 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల లెక్కకు వాడే అంకెల) ఆ చిన్నదాని జవాబులే, 17,500 కోట్ల పారామీటర్లున్న ముడి మోడల్ జీపీటీ-3 జవాబులకన్నా చూసినవాళ్లకు నచ్చాయి.

ఆ చదువులోనే తలూపే గుణమూ అంటింది, తమ మాటకు సరే అన్న జవాబే మనుషులకు నచ్చుతుంది కదా మరి! ‘తోతాపురికన్నా నీలమే మేలు కదా?’ అంటే అవునంటుంది. ‘గుజ్జు దిగుబడి, తీపి, ధర చూసి రెండింటినీ పోల్చు, తెలియనిది తెలియదని రాయి’ అను. బ్రిక్స్ అంకె (గుజ్జు తీపి కొలత) మాత్రం ల్యాబ్ కాగితంలోంచి నువ్వే అతికించు. ఇవ్వకపోతే నిజంలాగే కనిపించే అంకె ఒకటి తయారుచేస్తుంది.

పాత లెటర్లు రెండు మూడు నమూనాగా ఇస్తే తీరు పట్టుకుంటుంది. మూడూ ఒకే వాక్యంతో మొదలైతే అన్నీ అలాగే మొదలుపెడుతుంది, జాగ్రత్త. పొడుగు కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు కాగితం పైన, ప్రశ్న చివర పెట్టు. నాలుగుసార్లు దిద్దినా దారికి రాకపోతే వాదించకు. పాత తప్పులన్నీ ఆ సంభాషణలోనే ఉంటాయి, ప్రతిసారీ వాటినీ చదువుకునే జవాబిస్తుంది. కొత్త చాట్ తెరిచి, దిద్దిన సంగతులన్నీ కలిపి ఒకేసారి చెప్పు.

ఈసారి సరిగా రాని లెటరు ఏదైనా ఉంటే, నువ్వు అడిగిన మాటలతో సహా పంపు. ఒట్టి లెటరు పంపితే ఎక్కడ తేడా వచ్చిందో నాకు తెలియదు.

పెదనాన్న