ఫైనాన్షియల్ ప్లానర్ కావాలంటే పీజీలో ఏం చదవాలి?

ప్రశ్న: బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఫైనాన్షియల్ ప్లానింగ్‌లో స్థిరపడాలని ఉంది. నాన్నగారు ఎంబీఏ ఫైనాన్స్ చేయమంటున్నారు. సీనియర్లలో కొందరు సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) అంటున్నారు, కొందరు సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) చాలంటున్నారు. అసలు పీజీ అవసరమా? చేస్తే ఏది చేయాలి?

జవాబు: ముందు రూల్స్ సంగతి చూద్దాం. మన దేశంలో ఫీజు తీసుకుని పెట్టుబడుల మీద సలహా ఇవ్వాలంటే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ కావాలి. 2013 నుంచి ఈ నిబంధనలు ఉన్నాయి. మధ్యలో కొన్నేళ్లు పీజీ స్థాయి చదువు, ఐదేళ్ల అనుభవం కూడా అడిగేవారు. 2024 డిసెంబరు సవరణలతో అనుభవం షరతు తీసేశారు. చదువు విషయంలో డిగ్రీ సరిపోతుందన్నారు. దాంతోపాటు సెబీకి చెందిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే 10-ఎ, 10-బి పరీక్షలు పాస్ కావాలి. ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు సెబీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

అంటే కేవలం రిజిస్ట్రేషన్ కోసమే అయితే మీకు పీజీ అక్కర్లేదు. ఇక చూసుకోవాల్సింది ఆ రెండేళ్లు మీకు ఏం నేర్పుతాయన్నదే. అది తేలాలంటే ముందు ఇంకో విషయం తేల్చుకోవాలి. రేపు మీకు డబ్బు ఎవరిస్తారు?

ఈ రంగంలో మూడు దారులున్నాయి. బ్యాంకులోనో వెల్త్ మేనేజ్‌మెంట్ కంపెనీలోనో చేరితే సంస్థ జీతమిస్తుంది, టార్గెట్లూ పెడుతుంది. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ అయితే ఫండ్ కంపెనీ కమీషన్ ఇస్తుంది. దానికి ఎన్‌ఐఎస్‌ఎం 5-ఎ పరీక్ష పాసై, మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ నుంచి ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. రిజిస్టర్డ్ అడ్వైజర్ అయితే క్లయింటే ఫీజు ఇస్తాడు. ఒకే క్లయింట్ దగ్గర సలహాకు ఫీజు, అమ్మినందుకు కమీషన్ రెండూ తీసుకోవడానికి సెబీ ఒప్పుకోదు. మూడూ గౌరవమైన పనులే. కానీ మూడింటికీ కావాల్సిన చదువు ఒకటి కాదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ తేడా తెలియకుండానే కోర్సు ఫీజు కట్టేస్తున్నారు. నాకు బాధ కలిగించే విషయం అదే.

ప్లానర్ పని ఎలా ఉంటుందో ఒక లెక్కతో చెప్తాను. ఒక ఉద్యోగికి నలభై రెండేళ్లు. పాప చదువుకు ఈరోజు ధరల్లో 10 లక్షలు కావాలి, ఇంకా ఎనిమిదేళ్ల టైముంది. ఖర్చు ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే అప్పటికి అది దాదాపు 18.5 లక్షలవుతుంది. పెట్టుబడి మీద 10 శాతం వస్తుందనుకుంటే నెలకు సుమారు 12,700 రూపాయలు పక్కన పెట్టాలి. ఇంతవరకు ఎక్సెల్ చేసిపెడుతుంది. కానీ ఇంటి లోన్ ఈఎంఐ, బంధువుల మొహమాటానికి తీసుకున్న రెండు పాలసీల ప్రీమియం పోగా ఆయన చేతిలో నెలకు మిగిలేది 9,000 అయితే? రిటైర్‌మెంట్‌కు ఇంకా ఒక్క రూపాయి కూడా దాచలేదు. ఏది వాయిదా వేయాలి, ఏ పాలసీ ఆపాలి, ఆ మాట ఆయనతో, ఆయన భార్యతో ఎలా చెప్పాలి? అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దీనికి పన్ను తెలియాలి, ఇన్సూరెన్స్ తెలియాలి, వీలునామా గురించి తెలియాలి. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా పేరుంటే ఆ డబ్బు తనదే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నామినీ ఆ డబ్బును వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. ఇలాంటివి తెలియని ప్లానర్ ఎంత మంచి ఫండ్ ఎంచి ఇచ్చినా ఆ కుటుంబం ఇబ్బంది పడుతుంది.

ఇప్పుడు కోర్సుల విషయానికొద్దాం. సీఎఫ్‌ఏ గొప్ప చదువే, సందేహం లేదు. అయితే దాని దృష్టంతా కంపెనీల విలువ కట్టడం, షేర్లు, బాండ్లు, పోర్ట్‌ఫోలియోల మీదే ఉంటుంది. మూడు లెవెల్స్ పరీక్షలు పాసయ్యాక చార్టర్, అంటే ఆ హోదా రావాలంటే 4,000 గంటల సంబంధిత పని అనుభవం కూడా చూపాలి. రీసెర్చ్, ఫండ్ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలనుకుంటే ధైర్యంగా మొదలుపెట్టండి. కుటుంబాలతో కూర్చుని పనిచేయాలనుకుంటే మాత్రం మొదటి ఎంపికగా దాన్ని చెప్పను.

సీఎఫ్‌పీ సరిగ్గా పైన చెప్పిన పని కోసమే రూపొందించింది. పెట్టుబడులు, రిటైర్‌మెంట్, పన్నులు, రిస్క్, ఎస్టేట్ ప్లానింగ్ (ఆస్తి వారసులకు సవ్యంగా చేరేలా చూడటం) చదివి, చివరగా వీటన్నిటినీ కలిపి ఒక కుటుంబానికి పూర్తి ప్లాన్ తయారు చేయడం నేర్చుకుంటారు. చదువు, పరీక్షలతో పాటు అనుభవమూ అవసరమే కనుక ఉద్యోగం చేస్తూ పూర్తి చేయడం మంచిది. చిన్న వయసులో సర్టిఫికెట్ ఉన్నా, జీతాలు, అప్పులు, ఇంటి గొడవలు దగ్గరగా చూడని మనిషికి క్లయింట్లు అంత తేలిగ్గా మనసు విప్పరు.

నాన్నగారు చెప్పిన ఎంబీఏ విషయంలో నా సమాధానం కాలేజీని బట్టి మారుతుంది. మంచి కాలేజీలో సీటు వస్తే తప్పకుండా చేరండి. ఇంటర్న్‌షిప్, ప్లేస్‌మెంట్, మాట్లాడే తీరు అన్నీ కలిసొస్తాయి. చేరే ముందు సిలబస్ తెప్పించుకుని వెల్త్ మేనేజ్‌మెంట్, ఇన్సూరెన్స్, పర్సనల్ ట్యాక్స్ సబ్జెక్టులున్నాయో లేదో చూడండి. కిందటేడు ఏ కంపెనీలు వచ్చాయన్న దానితో ఆగకుండా ఏ హోదాలో తీసుకున్నారో పూర్వ విద్యార్థుల్నే అడగండి. బ్యాంకుల్లో క్లయింట్లను చూసుకునే రిలేషన్‌షిప్ మేనేజర్ అంటే అమ్మకాల టార్గెట్ల టెన్షన్ ఉంటుందని తెలిసే వెళ్లండి. రెండేళ్లు ఆ పని చేస్తే మనుషులతో డబ్బు గురించి మాట్లాడే భయం పోతుంది. అంతేగానీ పేరు చెప్పుకోలేని కాలేజీలో లక్షల అప్పు చేసి ఎంబీఏ చేయడాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఇతరులకు అప్పుల గురించి సలహా చెప్పబోయే మనిషి ఇలాంటి ఈఎంఐతో కెరీర్ మొదలుపెట్టకూడదు.

సెక్యూరిటీస్ మార్కెట్ల మీదే పూర్తిగా దృష్టి పెట్టాలనుకుంటే, సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎంలో పీజీ డిప్లొమా ఉంది, చూడండి. ఎంకామ్ మాత్రం లెక్చరర్ ఉద్యోగం మీద ఆసక్తి ఉంటేనే.

మీరు ఫైనాన్షియల్ ప్లానింగ్ అన్నారు కాబట్టి మీది కుటుంబాలతో పనిచేయాలనే కోరికే అనుకుంటున్నాను. అందుకే నేను చెప్పే వరుస ఇది. డిగ్రీ పూర్తయ్యేలోగా ఎన్‌ఐఎస్‌ఎం 5-ఎ రాసేయండి. మీ సబ్జెక్టులకు దగ్గరిదే, అంత కష్టమూ కాదు. మంచి బిజినెస్ స్కూల్లో సీటు కోసం ఈ ఏడాది నిజాయితీగా ప్రయత్నించండి. వస్తే ఎంబీఏ, దానితోపాటే సీఎఫ్‌పీ. రాకపోతే ఒక ప్లానింగ్ సంస్థలోనో డిస్ట్రిబ్యూటర్ దగ్గరో చిన్న జీతానికైనా చేరి సీఎఫ్‌పీ మొదలుపెట్టండి. కొన్నేళ్ల తర్వాత సొంతంగా అడ్వైజర్ కావాలనిపిస్తే అప్పుడు 10-ఎ, 10-బి రాయవచ్చు.

వీటన్నిటికంటే ముందు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. నాన్నగారి అనుమతితో మీ ఇంటి ఆదాయం, అప్పులు, పాలసీలు, పీఎఫ్, నామినీల వివరాలు ఒక పుస్తకంలో రాసి ప్లాన్ వేసి ఆయనకు చూపించండి. ఆయన అడిగే ప్రశ్నలన్నీ రాసుకుని, వాటిలో జవాబు చెప్పలేకపోయినవి నాకు పంపండి. అవి చూశాక ఏ సబ్జెక్టు నుంచి మొదలుపెట్టాలో ఇంకా స్పష్టంగా చెప్తాను.