ప్లగ్గు మర పోయిన హెడ్డు గురించి

కావలి

అల్లుడూ,

పొద్దున ఫోనులో నీ గొంతు వింటేనే అర్థమైంది, టెన్షన్ పడుతున్నావని. స్ప్లెండర్ బండికి స్పార్కు ప్లగ్గు బిగిస్తుంటే పానా ఉన్నట్టుండి తేలికైపోయిందన్నావే, ఆ తేలిక నా చేతికీ తెలుసు. ప్లగ్గు ఉక్కు, అది బిగుసుకునే హెడ్డు, అంటే సిలిండర్ పైమూత, అల్యూమినియం. రెండూ పంతానికి పోతే ఓడేది హెడ్డే. ఇంకో అర చుట్టు తిప్పితే పట్టుకుంటుందేమోనని మళ్లీ పానా పెట్టకు. కిక్కు కొట్టి చూడకు, ప్లగ్గు ఎగిరొస్తుంది.

విప్పిన ప్లగ్గును వెలుతురులో చూడు. దాని మరల్లో స్ప్రింగులాగా అల్యూమినియం తీగ చుట్టుకొని వచ్చిందంటే హెడ్డులో ఇక మర లేనట్టే, హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట, వెయ్యాల్సిందే. మొదటి రెండు చుట్లే నలిగి లోపల బాగుంటే మర సాపు చేస్తే చాలు. ఈ ప్లగ్గుది 10 మిల్లీమీటర్ల మర, పిచ్, అంటే మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, 1 మిల్లీమీటరు. ట్యాప్ అంటే మర కోసే పనిముట్టు, బోల్టులకు వాడే 10 ట్యాప్ పిచ్ 1.5 గానీ 1.25 గానీ ఉంటుంది. చూసుకోకుండా అది దింపావో, మిగిలిన కాస్త మరా పోతుంది.

హెడ్డు దించే చెయ్యి. దించకుండా చేసేవాళ్లున్నారు, నేనూ చేశాను. ఒకసారి రొయ్యల చెరువుల కాడికి తిరిగే బండి ఒకటి వచ్చింది. ట్యాప్ గాడులకు గ్రీజు దట్టంగా పూశాను, లోహపు రజను దానికే అంటుకుంటుందిలే అనుకున్నాను. చాలావరకు అంటుకుంది కూడా. మిగిలింది లోపల పడింది. వారం తిరక్కుండానే పొగ కక్కుకుంటూ వచ్చింది బండి. విప్పితే సిలిండర్ గోడ మీద నిలువునా గీతలు. సిలిండర్ మళ్లీ తొలిచే రీబోరు డబ్బులు నా జేబులోంచే పోయాయి.

ఇక్కడి లేత్ షాపులో హెడ్డు కట్టేటప్పుడు ప్లగ్గు వాషర్ కూర్చునే ముఖం మట్టంగా ఉందో లేదో నువ్వే దగ్గరుండి చూసుకో. కాయిల్ కోసం మర కోసేటప్పుడు ట్యాప్‌కు కిరసనాయిలు పోస్తూ అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పు. కాయిల్ పైఅంచు ఆ ముఖానికి ఓ పావు చుట్టు లోపలికే ఉండాలి. కింద దహనగదిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే ఆ మొన ఎర్రగా కాలి, స్పార్కు రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. కాయిల్ కింది కొసన విరిచే తోక ముక్కను బయటికి తీసి, కంటితో చూశాకే హెడ్డు ఎక్కించు.

ప్లగ్గు పెట్టేటప్పుడు దాని నెత్తికి పెట్రోలు పైపు ముక్క తొడిగి, ఆ పైపుతో తిప్పు. మర అడ్డం పడితే పైపే జారిపోతుంది, హెడ్డుకేమీ కాదు. వేళ్లతో ఆగినచోట నుంచి కొత్త ప్లగ్గుకు పానాతో అర చుట్టు. టార్క్ పానా దొరికితే 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, అంతే. వేడి ఇంజన్లో మాత్రం ప్లగ్గు ముట్టుకోకు. కస్టమరు తొందరపెడితే టీ తాగి రమ్మను.

బండాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పి రెండు రోజులు టైము అడుగు. ఆదివారం హెడ్డు సంచిలో వేసుకుని సింగరాయకొండలో రైలెక్కు. హెలికాయిల్ కిట్టు నా దగ్గరుంది, కానీ చేతికివ్వను. ఇక్కడే నా ముందు చెయ్యి.

మీ మామయ్య