కెమెరా జవాబులు: ఫొటో నంబరు చూసి అడ్వాన్సు ఇవ్వకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నంబర్ల గురించే. బరంపురంలో నా రిపేరు బల్ల దగ్గరికొచ్చేవాళ్లూ ఇవే అడుగుతున్నారు కాబట్టి, మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

*మాస్టారూ, పెళ్లిళ్లకి సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ750 బాడీ (లెన్స్ లేని కెమెరా) ఒకటి చూశాను. అమ్మేవాడు నా ముందే ఫొటో తీసి చూపించాడు. డీఎస్‌సీ_2314 అని వచ్చింది. "రెండున్నర వేల క్లిక్‌లు కూడా సరిగ్గా తిరగలేదు, కొత్తదాని కిందే లెక్క" అంటున్నాడు. రేపటికల్లా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడట. ఇవ్వమంటారా?*
*– పెళ్లి ఫొటోగ్రాఫర్, పర్లాకిమిడి*

ఇవ్వకు తమ్ముడూ. బాడీ మంచిదే కావచ్చు, కానీ అతను చూపించిన నంబరుకీ షట్టర్ (ఫొటో తీసినప్పుడల్లా తెరిచి మూసుకునే రెక్కల తెర) ఎన్నిసార్లు తిరిగిందన్నదానికీ సంబంధం లేదు.

దాదాపు కెమెరా కంపెనీలన్నీ ఫైళ్లకు పేర్లు పెట్టడంలో డీసీఎఫ్ అనే ఒకే పద్ధతిని పాటిస్తాయి. 1998లో జపాన్‌లో తయారైంది. దాని ప్రకారం ఫైలు పేరులో ముందు నాలుగు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు. ఆ అంకెలు 0001 నుంచి 9999 వరకే వెళ్తాయి. అది నిండగానే రసీదు పుస్తకం అయిపోయి కొత్త పుస్తకం తీసినట్టు, కెమెరా కొత్త ఫోల్డర్ తెరిచి మళ్లీ 0001 నుంచి మొదలుపెడుతుంది. అంటే నువ్వు చూసిన 2314 నిజంగా 2,314 కావచ్చు, 12,313 కావచ్చు, 22,312 కావచ్చు. పది చుట్లు తిరిగొచ్చి 1,02,304 అయినా తెర మీద కనిపించేది ఆ 2314నే.

అన్ని చుట్లు తిరగాల్సిన పని కూడా లేదు. నికాన్ మెనూలో ఫైల్ నంబర్ సీక్వెన్స్ అని ఉంటుంది. ఖాళీ కార్డు పెట్టి అందులో రీసెట్ నొక్కితే తర్వాతి ఫొటో 0001. దాన్ని ఆఫ్‌లో పెడితే కార్డు ఫార్మాట్ చేసినప్పుడల్లా 0001. డీ750 వచ్చింది 2014లో. ఒక్క రాత్రి పెళ్లికే రెండు మూడు వేలు నొక్కే రోజులివి. ఇన్నేళ్లలో 2,314 దగ్గరే ఆగిందంటే బీరువాలో పెట్టి తాళం వేసి ఉండాలి. అలాంటివి దొరకవని కాదు, దొరికితే రుజువు అడగాలి.

ఆ రుజువు ఫొటో లోపలే ఉంటుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు (లోపల అద్దం ఉండే కెమెరాలు) తీసే ప్రతి ఫొటోలోనూ అప్పటికి షట్టర్ ఎన్నిసార్లు తిరిగిందో రాసి పెడతాయి. మామూలుగా ఫైలు వివరాలు చూస్తే అది కనపడదు. ఫిల్ హార్వే తయారుచేసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం డబ్బులేమీ లేకుండా దొరుకుతుంది, అందులో ఆ ఫొటో తెరిస్తే షట్టర్ కౌంట్ అని ఒక వరుస వస్తుంది. మన పనికొచ్చే లెక్క అదే. నీ కార్డు నువ్వే తీసుకెళ్లు, నువ్వే ఒక ఫొటో నొక్కు, కార్డు తీసి నీ లాప్‌టాప్‌లో పెట్టు. వాట్సాప్‌లో పంపుతానంటే వద్దను, అక్కడ ఫొటో కుదించుకుపోయి లోపలి వివరాలన్నీ పోతాయి. "నిన్న తీసిన ఫొటో ఉంది, చూసుకో" అన్నా వద్దను, అది వేరే బాడీతో తీసింది కావచ్చు. అదే వివరాల్లో సీరియల్ నంబరు కూడా ఉంటుంది. కెమెరా తిరగేసి అడుగున ఉన్న నంబరుతో పోల్చుకో.

సరే, లెక్క తెలిసింది, ఎనభై వేలు అని వచ్చిందనుకో. డీ750 షట్టర్‌ను నికాన్ 1,50,000 సార్లకు పరీక్షించింది. అది గడువు తేదీ కాదు. ఆ అంకె దాటి చక్కగా పనిచేసేవీ ఉన్నాయి, సగంలోనే రెక్క విరిగేవీ ఉన్నాయి. ఈ మోడల్లో కొన్ని బాడీల షట్టర్‌లో లోపముందని నికాన్ 2015లో తనే ప్రకటించి ఉచితంగా బాగుచేసింది. అందుకే షట్టర్ మార్చారా, బిల్లుందా అని కూడా అడుగు.

నేనైతే అంకె కంటే తెల్లగోడను ఎక్కువ నమ్ముతాను. షట్టర్ అంటే సన్నటి రెక్కలతో చేసిన రెండు తెరలు. వేగం సెకనులో 1/200 వంతు దాటాక సెన్సర్ (ఫొటో పడే పలక) మొత్తం ఒకేసారి తెరుచుకోదు. మొదటి తెర ముందు పోతుంటే రెండోది వెనకే తరుముకొస్తుంది, వాటి మధ్య సందులోంచే వెలుగు పడుతుంది. 1/4000 దగ్గర ఆ సందు చాలా సన్నం. రెండు తెరల్లో ఏ ఒక్కటి కాస్త మందగించినా ఫొటోలో ఒక అంచు నల్లబడుతుంది. కాబట్టి పగటి వెలుగులో ఉన్న తెల్లగోడను 1/4000, 1/2000, 1/500 దగ్గర తియ్యి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) కదపకుండా ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) మార్చుకుంటూ వెలుగు సమానంగా ఉండేలా చూసుకో. ఒక్కో వేగంలో నాలుగైదు తీసి పక్కపక్కన పెట్టు. పైనుంచి కిందిదాకా గోడ ఒకే తెలుపులో ఉంటే షట్టర్ బాగున్నట్టు. 1/4000 దగ్గర మాత్రమే ఒక పక్క నీడ వస్తే, లెక్క ఐదు వేలని చూపించినా సరే, వదిలేసి వచ్చెయ్.

ఇంకోటి. మన వైపు బాడీని తినేది క్లిక్‌ల కంటే ఉప్పుగాలే. గోపాలపురం బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్‌లు ఎక్కువ చేసిన కెమెరా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. ఫ్లాష్ తగిలించే చోట పట్టాల కింద, అడుగున స్క్రూల తలల్లో ఎర్రటి తుప్పు, పట్టుకునే రబ్బరు ఉబ్బి అంచుల దగ్గర లేచిపోవడం. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పని సంగతులివి. చిన్న టార్చి తీసుకెళ్లు.

*అంకుల్, మన ఠాకురాణి అమ్మవారి యాత్రలో కెనాన్‌తో రెండు కార్డుల నిండా ఫొటోలు తీశాను. మొదటి కార్డు లాప్‌టాప్‌లో వేశాక రెండోది కూడా అదే ఫోల్డర్‌లో వేస్తుంటే, ఈ పేర్లతో ఫైళ్లున్నాయి, రీప్లేస్ చెయ్యాలా అని అడిగింది. చెయ్యమన్నాను. మొదటి కార్డులోని పులి వేషాలన్నీ పోయాయి. తిరిగొస్తాయా?*
*– డిగ్రీ విద్యార్థిని, బరంపురం*

తల్లీ, ముందుగా ఇది చెయ్యి. ఆ మొదటి కార్డును కెమెరాలోంచి తీసి పక్కన పెట్టు. దాంతో ఇంకొక్క ఫొటో కూడా తియ్యొద్దు. ఫార్మాట్ చెయ్యకపోతే ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఈసారి వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో. మామూలు ఫార్మాట్ చేసేసినా, దాని మీద కొత్తవి తియ్యలేదంటే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలావరకు బయటికొస్తాయి. పాత పేర్లు రావు, ఫొటోలు వస్తాయి. లో లెవెల్ ఫార్మాట్ అని టిక్ పెట్టి చేసి ఉంటే మాత్రం ఆశ తక్కువ.

ఎందుకిలా జరిగిందంటే, నీ కెమెరాలో ఫైల్ నంబరింగ్ ఆటో రీసెట్‌లో ఉంది. కార్డు మార్చినప్పుడల్లా ఐఎంజీ_0001 నుంచి మొదలెడుతుంది. దేశీబెహరా వీధిలో తీసిన పులికీ, మర్నాడు గుడి దగ్గర తీసిన పులికీ ఒకే పేరు పడింది. మెనూలో దాన్ని కంటిన్యువస్‌కి మార్చు. ఇకమీదట ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డర్ పెట్టి, దాని మీద తేదీ రాసుకో. ఎందుకంటే కంటిన్యువస్‌లో ఉన్నా 9999 తర్వాత పాత పేర్లే మళ్లీ వస్తాయి. కంప్యూటర్ రీప్లేస్ చెయ్యాలా అని అడిగినప్పుడు వద్దను, ఎప్పుడడిగినా అదే జవాబు. యాత్ర రెండేళ్లకోసారే వస్తుంది. ఈసారి వేషం కట్టిన పెద్దాయన వచ్చే యాత్రకి కడతాడో లేదో. దొరికినవాటిని ఇంకో హార్డ్‌డిస్క్‌లో కూడా పెట్టు, ఏమేం దొరికాయో నాకు రాయి.

*పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం. పార్టీవాళ్లు నంబర్లు చూసి, 4120 తర్వాత 4127 ఉంది, మధ్యలో ఆరు ఫొటోలు ఎందుకు దాచారని నిలదీస్తున్నారు. తలంబ్రాల దగ్గరవట. బ్యాలెన్స్ ఆపేశారు.*
*– స్టూడియో యజమాని, రాయగడ*

కళ్లు మూసుకున్నవి, ఫ్లాష్ వెలగనివి తీసేసి ఉంటారు. తీసేసిన ఫొటో నంబరు తిరిగి రాదు. వీడియో క్లిప్ తీసినా ఒక నంబరు పోతుంది. ఆ ఆరూ ఇంకా మీ కంప్యూటర్‌లో ఉంటే వాళ్లని కూర్చోబెట్టి చూపించండి, గొడవ అక్కడితో తీరిపోతుంది. వాళ్ల ఇంటి శుభకార్యం, వాళ్ల అనుమానాన్ని తప్పుపట్టకండి. ఇకనుంచి ఇచ్చే ముందు మొత్తం సెలెక్ట్ చేసి పెళ్లి పేరుతో 0001 నుంచి వరసగా రీనేమ్ చెయ్యండి. కెమెరా పెట్టిన పేర్లు మాత్రం మీ దగ్గరున్న కాపీలో అలాగే ఉంచండి, తర్వాత ఆల్బమ్‌కి రా (మార్పులు చెయ్యని అసలు) ఫైలు వెతుక్కోవాలంటే అవే ఆధారం.

*మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొంటే ఈ షట్టర్ లెక్కల బాధ ఉండదంటున్నారు, నిజమేనా?*
*– జయపురం*

సగం నిజం. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే రెక్కలు కదలవు, అరుగుదల లేదు. 2021లో వచ్చిన నికాన్ జడ్9లో అసలు మెకానికల్ షట్టరే లేదు. కానీ చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో రెండూ ఉంటాయి. మండపంలో ఎల్‌ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్‌తో తీస్తే ఫొటోలో చారలు పడే ప్రమాదం ఉంది కాబట్టి, పెళ్లిళ్లకి మెకానికల్‌నే వాడతారు. అక్కడ రెక్కల అరుగుదల మామూలే.

*కెనాన్ 80డీ ఫొటోని ఎగ్జిఫ్‌టూల్‌లో తెరిచాను. షట్టర్ కౌంట్ రాలేదు. అమ్మేవాడు ఏమైనా చెరిపేశాడా?*
*– గుణుపురం*

లేదు, అతన్ని అనుమానించకండి. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలావరకు ఆ లెక్కను ఫొటోలో రాయవు. 1డీ ఎక్స్ లాంటి పెద్ద బాడీలు మెనూలో చూపిస్తాయి, 80డీ చూపించదు. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, కెనాన్ లెక్క చదివే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, లేదా సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. 80డీ షట్టర్‌కి కంపెనీ చెప్పింది 1,00,000. కేబుల్ మీరే తీసుకెళ్లండి, బ్యాటరీ నిండుగా ఉండేలా చూడండి. తెల్లగోడ పరీక్ష దీనికీ పనికొస్తుంది, 80డీలో 1/8000 దాకా వెళ్లి చూడండి.