ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో మా చిట్టికి

చిట్టీ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. రాత్రి మూడింటి దాకా కూర్చుని నాలుగు సార్లు ఫార్మాట్ కొట్టావంట, నాలుగు సార్లూ విండోస్ సగంలోనే ఆగిపోయిందంట, ఇప్పుడు ఐదోసారి మొదలెడతా అంటున్నావు. ముందు ఆ ఐదోసారి ఆపమ్మా. నాలుగు సార్లు అవ్వనిది ఐదోసారి దానంతట అదే ఎందుకవుతుంది చెప్పు. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా కదా, నేను చూసినవాటిలో ఇలా ఆగిపోయిన కేసుల్లో తప్పు విండోస్‌ది చాలా తక్కువ, దాని కింద ఉన్నవాటిదే ఎక్కువ, అంటే విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవో, ఫైల్స్ దాచుకునే డిస్కో, పని చేసేటప్పుడు డేటా తాత్కాలికంగా ఉండే మెమరీ, అదే ర్యామో. వాటిలో ఏదో తేల్చుకోకుండా మళ్ళీ మళ్ళీ ఎక్కించడం వల్ల టైమ్ పోవడం తప్ప ఏమీ ఉండదు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట అడగాలి, ఆ లాప్‌టాప్‌లో నీకు కావాల్సిన ఫైల్స్ ఇంకేమైనా ఉన్నాయా? సి డ్రైవ్ ఎలాగూ ఫార్మాట్ అయిపోయింది, మరి డి డ్రైవ్? అందులో ఫోటోలు, ప్రాజెక్ట్ లాంటివి ఉంటే ముందు అవి బయటకి తీసుకో, మిగతావన్నీ తర్వాత. విండోస్ లేకుండా ఎలా తీస్తాం అంటావేమో, సెటప్ స్క్రీన్ మీదే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కు, కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి, నల్ల విండో ఒకటి తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే నోట్‌ప్యాడ్ వస్తుంది, అందులో ఫైల్ మెనూలో ఓపెన్‌కి వెళ్ళి, కింద ఆల్ ఫైల్స్ పెట్టు, అంతే, నీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి ఇంకో ఖాళీ పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసేయొచ్చు. డ్రైవ్ అక్షరాలు మాత్రం అక్కడ మారిపోయి ఉండొచ్చు, నీ డి అక్కడ సి అని కనిపించొచ్చు, లోపల ఏముందో చూసి గుర్తుపట్టు. డ్రైవ్‌కి తాళం గుర్తు ఉంటే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌ని లాక్ చేసే ఏర్పాటు, దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడేదానివి కాబట్టి ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడు, చాలామందికి అక్కడే సేవ్ అయి ఉంటుంది. ఆ కీ దొరక్కపోతే డ్రైవ్‌ని ముట్టుకోకు, దొరికేదాకా ఆగు.

దీని మీద నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చాలా ఏళ్ళ కింద ఒక ఫ్రెండ్ సిస్టమ్ బాగుచేస్తూ నేనే ఒక పెద్ద తప్పు చేశా. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పీకడం మర్చిపోయి డిస్క్‌పార్ట్ అని, డిస్క్‌లని విభజించి చెరిపే టూల్ తెరిచా, లిస్ట్‌లో డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు ఉన్నాయి, సైజులు చూడకుండా అలవాటు కొద్దీ సెలెక్ట్ డిస్క్ 0 కొట్టి, డిస్క్ మొత్తం ఖాళీ చేసే క్లీన్ అనేశా. ఆ కమాండ్ ఖాయమా కాదా అని కూడా అడగదు, ఎంటర్ కొట్టిన రెండు సెకన్లలో సక్సెస్ అని ఒక లైన్ వస్తుంది. అది వాళ్ళ అమ్మాయి చిన్నప్పటి ఫోటోలున్న డిస్క్. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వెనక్కి తెచ్చా, అన్నీ రాలేదు. అతను నన్ను ఏమీ అనలేదు, అదే నాకు ఇంకా బాధ. అందుకే ఫైల్స్ కాపీ అయిపోయాక, ఇన్‌స్టాలేషన్ చేసేటప్పుడు నువ్వు లాప్‌టాప్‌కి చార్జరు, ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవు తప్ప ఇంకేదీ పెట్టకు, మౌస్ డాంగిల్‌తో సహా అన్నీ పీకెయ్. బ్యాటరీ మీద మాత్రం అస్సలు చెయ్యకు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆగిపోయింది అంటున్నావు కదా, నిజంగా ఆగిందా లేక మెల్లగా వెళ్తోందా? ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడు, లైట్ వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది, ఎన్నిసార్లు నొక్కినా లైట్ కదలకపోతే మాత్రం పూర్తిగా బిగుసుకుపోయినట్టే. బతికి ఉంటే ఆ షిఫ్ట్ ఎఫ్10 విండో మళ్ళీ తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్ అని కొట్టు, ఇంకేమీ కొట్టకు, ఊరికే లిస్ట్ చూడ్డానికే. టక్కున లిస్ట్ వచ్చేస్తే డిస్క్ జవాబు చెప్తోందన్నమాట, నిమిషాలు గడిచినా కర్సర్ అలా మిణుకుమిణుకుమంటూనే ఉంటే నా అనుమానం నేరుగా డిస్క్ మీదకే పోతుంది. ఎస్ఎస్‌డీ అయితే మొత్తం ఇన్‌స్టాలేషన్ అరగంట, ముప్పావు గంటలో అయిపోవాలి, పాత హార్డ్ డిస్క్ అయితే రెండు మూడు గంటలు పట్టినా నేను ఆశ్చర్యపోను. ఒకే నంబర్ దగ్గర గంటకి పైగా కదలకపోతే అప్పుడు పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కిపట్టి ఆపెయ్యొచ్చు, ఎలాగూ డ్రైవ్ ఖాళీ చేసి మొదలుపెట్టావు కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు. కానీ విండోస్ లోపలి నుంచి రీసెట్ దిస్ పీసీ, కీప్ మై ఫైల్స్ పెట్టినప్పుడు మాత్రం అలా తొందరపడకూడదు, అది పాత ఫైల్స్‌ని అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది, దానికి రాత్రంతా టైమ్ ఇచ్చినా తప్పులేదు.

నువ్వు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క ఏంటంటే, మొదటిసారి 38 పర్సెంట్ దగ్గర, తర్వాత 71 దగ్గర, తర్వాత మళ్ళీ 40కి అటూ ఇటూ ఆగింది అన్నావు చూడు, అది. ఆ పర్సెంట్లు పెరుగుతున్నంతసేపూ లోపల జరిగేది ఇది: పెన్‌డ్రైవ్‌లో విండోస్ మొత్తం గట్టిగా కుదించిన ఒకే ఒక్క పెద్ద ఫైల్‌లా ఉంటుంది, సెటప్ దాన్ని ముక్కలు ముక్కలుగా చదివి, ర్యామ్‌లో విప్పి, సరిగ్గా విప్పుకుందా లేదా అని లెక్క సరిచూసుకుని, డిస్క్ మీద రాస్తుంది. చదివేటప్పుడు పాడైతే పెన్‌డ్రైవ్, విప్పేటప్పుడు పాడైతే ర్యామ్, రాసేటప్పుడు పాడైతే డిస్క్. ప్రతిసారీ ఒకే నంబర్ దగ్గర ఆగితే నేను ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానిస్తా, ఎందుకంటే ఫైల్‌లో పాడైన ముక్క ఎప్పుడూ అదే చోట ఉంటుంది కదా. నీకులా ప్రతిసారీ వేరే వేరే చోట ఆగితే ర్యామ్ మీదో డిస్క్ మీదో అనుమానం. ఇది నూటికి నూరుపాళ్ళు నిజమవ్వాలని లేదు, కానీ ఎక్కడ మొదలెట్టాలో చెప్తుంది.

అయినా సరే పెన్‌డ్రైవ్‌తోనే మొదలెడదాం, ఎందుకంటే అదే అన్నిటికంటే తేలిక. ఎవరో ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్ అన్నావు, దాన్ని పక్కన పడెయ్. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్ మీద కొత్తగా తయారు చెయ్యి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీదే తీసుకో. హబ్‌లో గుచ్చకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చు, ఈసారి వేరే పోర్ట్ వాడు. ఇంకోటి, నీ దగ్గరున్నది విండోస్ 10 అయితే మళ్ళీ అదే ఎక్కించకు, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేస్తుంటే ఈ పీసీలో నడవదు అని మెసేజ్ వస్తే కంగారు పడకు, దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, చాలా లాప్‌టాప్‌లలో ఉంటుంది కానీ బయోస్‌లో, అంటే ఆన్ చేస్తున్నప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉండొచ్చు, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది చూడు, ఆన్ చెయ్యి. ఆన్ చేసినా ఒప్పుకోకపోతే నాకు చెప్పు, మోడల్ చూసి అప్పుడు ఆలోచిద్దాం.

కొత్త పెన్‌డ్రైవ్‌తో కూడా అలాగే ఆగితే అప్పుడు ర్యామ్. దీని గురించి నాకు బాగా గుర్తున్న సిస్టమ్ ఒకటుంది, ప్రతిసారీ 0ఎక్స్8007025డీ అని ఎర్రర్, పెన్‌డ్రైవ్‌లు మూడు మార్చా, డిస్క్ కూడా కొత్తది పెట్టా, అయినా అదే. చివరికి రెండు ర్యామ్ స్టిక్స్‌లో ఒకటి తీసి పక్కన పెట్టి మొదలుపెడితే ఒక్కసారికే అయిపోయింది, తీసిన స్టిక్‌ని మళ్ళీ పెట్టి చూస్తే మళ్ళీ అదే ఎర్రర్. విచిత్రం ఏంటంటే ఆ సిస్టమ్ అంతకుముందు నెలల తరబడి మామూలుగానే నడిచింది, అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్ వచ్చేది, వాళ్ళు వైరస్ అనుకున్నారు. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా బ్రౌజర్ ఏదోలా నెట్టుకొస్తుంది కానీ ఈ కుదించిన ఫైల్ విప్పేటప్పుడు లెక్క తప్పిందంటే ఇక అక్కడితో ఆగిపోవాల్సిందే. నీ లాప్‌టాప్‌లో కూడా మధ్యమధ్యలో బ్లూ స్క్రీన్ వస్తోందనే కదా అసలు ఫార్మాట్ కొట్టాలనుకున్నావు, అందుకే నాకు అనుమానం ఎక్కువగా అటే ఉంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అని ఒక టూల్ ఉంటుంది, అది ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చేసి రాత్రి పెట్టి పడుకో, పొద్దున్నకి ఒక్క ఎర్రర్ చూపించినా సరే ఆ ర్యామ్ పనికిరాదు, ఒకటే కదా అని వదిలెయ్యొద్దు. స్టిక్స్ రెండుంటే ఒక్కొక్కటీ విడిగా టెస్ట్ చెయ్యి. బోర్డుకే అతికించి ఉండే రకం అయితే మాత్రం నువ్వు విప్పకు, సర్వీస్ వాళ్ళకి ఇవ్వాల్సిందే.

ర్యామ్ బాగుంటే మిగిలింది డిస్క్. దాన్ని పరీక్షించే టూల్ చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో ఆన్ చేస్తున్నప్పుడు వచ్చే మెనూలోనే, డయాగ్నోస్టిక్స్ అనే పేరుతో ఉంటుంది. ఫెయిల్ అని చూపిస్తే డిస్క్ మార్చడమే, దాన్ని బుజ్జగించి పని చేయించినా ఎప్పుడో ఒకరోజు నీ ఫైల్స్‌తో సహా పోవచ్చు.

డిస్క్ సెలెక్ట్ చేసే స్క్రీన్‌లో అసలు డిస్కే కనపడకపోవడం అనేది వేరే జబ్బు, డిస్క్ పాడైందని అప్పుడే అనుకోవద్దు. ఇంటెల్ 11వ జనరేషన్, ఆ తర్వాత వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అని డిస్క్‌లని నడిపే ఏర్పాటు ఒకటి ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ సెటప్‌లో లేకపోతే లిస్ట్ ఖాళీగా కనిపిస్తుంది. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్ పేజీలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, విప్పి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ స్క్రీన్‌లోనే లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. డిస్క్ కనిపించి కూడా ఎంబీఆర్, జీపీటీ అని (డిస్క్‌ని భాగాలు చేసే రెండు పద్ధతులు) ఏదో చెప్పి ఎక్కించనంటే, కావాల్సినవన్నీ బయటకి తీశావని ఇంకోసారి చూసుకుని, ఆ డిస్క్ మీదున్న పార్టిషన్లన్నీ అక్కడే డిలీట్ చేసి, ఖాళీ స్థలం సెలెక్ట్ చేసి నెక్స్ట్ నొక్కు, దానికి కావాల్సినట్టు అదే చేసుకుంటుంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కొట్టమని ఎక్కడైనా చదివితే కొట్టకు, నా కథ చెప్పాను కదా.

ఫైల్స్ అన్నీ ఎక్కి మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు స్క్రీన్ నల్లగా అవుతుంది చూడు, అప్పుడు పెన్‌డ్రైవ్ పీకెయ్. చాలామంది ఇక్కడ పీకకుండా వదిలేస్తే అది మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచే మొదలై భాష ఎంచుకో అని అడుగుతుంది, వీళ్ళేమో ఇన్‌స్టాలేషన్ ఫెయిలైంది అనుకుని మళ్ళీ మొదటి నుంచి చేస్తారు, అలా రోజంతా తిరిగినవాళ్ళని చూశా. చివర్లో వైఫై దగ్గర ఆగి ముందుకి పోనివ్వకపోతే వైఫై డ్రైవర్ లేదన్నమాట, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, నెట్ వచ్చేస్తుంది. ప్రొడక్ట్ కీ అడిగితే లేదు అని నొక్కి, ఇంతకుముందు ఉన్న ఎడిషనే, హోమ్ అయితే హోమ్ ఎంచుకో, నీ లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కీ కోసం ఎక్కడపడితే అక్కడ దొరికే క్రాక్ టూల్స్ మాత్రం దగ్గరికి రానివ్వకు.

ఒక కాగితం తీసుకుని ప్రతిసారీ ఏం మార్చావు, ఎన్ని పర్సెంట్ దగ్గర ఆగింది, ఏ ఎర్రర్ నంబర్ వచ్చింది అని రాసుకుంటూ వెళ్ళు, ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే పని అయినా దేనివల్ల అయ్యిందో తెలీదు. నంబర్ ఏదీ చూపించకుండా ఆగిపోతే, ఆ నల్ల విండో తెరిచి చూడు, డిస్క్ ఎంచుకోకముందే ఆగితే ఎక్స్ డ్రైవ్‌లో (సెటప్ తాత్కాలికంగా వాడే డ్రైవ్) విండోస్ ఫోల్డర్ లోపల, ఫైల్స్ ఎక్కుతుండగా ఆగితే విండోస్ ఎక్కిస్తున్న డ్రైవ్‌లో $WINDOWS.~BT అనే ఫోల్డర్‌లో సోర్సెస్ లోపల, పాంథర్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో సెటప్ రాసుకున్న లాగ్ ఫైల్స్ ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి పది లైన్లు ఫోన్‌తో ఫోటో తీసి నాకు పంపించు, నీకు అర్థం కాకపోయినా పర్లేదు నేను చూస్తా.

కొత్త పెన్‌డ్రైవ్ పని రేపటికి ఉంచి, ఈరోజు రాత్రికి డి డ్రైవ్ కాపీ, మెమ్‌టెస్ట్, ఈ రెండే పెట్టుకో, విండోస్ ముట్టుకోకు. టెస్ట్ పెట్టి పడుకో, పొద్దున లేవగానే ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టు, నేను ఐదున్నరకే లేస్తా.

పెదనాన్న